సత్తి సామాను

బహ్రెయిన్‌లో ఏమేం చూశావని మా వీధి ఆడవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి నాది, అక్షరాలు వంకరగా పోతాయి. అయినా ఈసారి మొత్తం రాసిపెడితే ఎవరికి కావలిస్తే వాళ్లు చదువుకుంటారని కూర్చున్నాను.

ముందు అసలు సంగతి చెప్పాలి. నేను వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు. మా చెల్లెలు సత్యవతిని వెనక్కి తీసుకురావడానికి.

సత్తి తొమ్మిదేళ్లుగా అక్కడ రిఫా అనే ఊళ్లో ఒక ముసలావిడను కనిపెట్టుకుని ఉంటోంది. ఆ కుటుంబానిది ఈజిప్టు దేశం, సముద్రం ఒడ్డున అలెగ్జాండ్రియా అనే పట్నం. కిరస్తానీలు. కొడుకు ఇంజనీరు, కోడలు బళ్లో టీచరు. మంచివాళ్లే, ఒక మాట అనకూడదు. ముసలావిడకి తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి లేపడం, కూర్చోబెట్టడం, నీళ్లు పొయ్యడం, తినిపించడం అన్నీ సత్తి చేతుల మీదే. ఇంకో మనిషి చెయ్యి వేస్తే ఆవిడ ఒప్పుకోదు.

ఇక్కడ సత్తి కూతురు భవానికి, పెళ్లయిన ఏడేళ్లకి, ఎన్నో మొక్కులు మొక్కగా ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల బోర్లా పడటం, పాకడం, గోడ పట్టుకుని లేవడం అన్నీ సత్తి ఫోన్లోనే చూసింది. ఒకసారి వెళ్లి చూసొస్తానంటే ముసలావిడ అన్నం మానేసింది. కొడుకు పాపం మధ్యలో నలిగి, "మీ అక్కను రప్పిస్తాను, కొన్నాళ్లు నీ దగ్గర ఉంచుకో" అన్నాడట. కాగితాలూ టికెట్టూ ఆయనే చూసుకున్నాడు.

అంటే, సత్తిని అక్కడే ఉంచడానికి నన్ను పిలిచారు. నేనేమో దాన్ని తీసుకురావడానికి వెళ్లాను. నెలాఖరుకి దాని వీసా కాగితాలు మళ్లీ రెండేళ్లకి రాయించేస్తారు. ఈలోగా ముసలావిడ నోటంట "వెళ్లు" అన్న మాట రావాలి. ఆ మాట లేకుండా కొడుకు పంపడు, సత్తీ కదలదు.

రిఫా

ఎయిర్‌పోర్టులో నాకోసం వచ్చినతను వాళ్ల కారు తోలే రాజన్న. నేను చెప్పకుండానే నన్ను పట్టేశాడు.

"నువ్వు సత్తక్కకు అక్కవే గదా. నడక ఒక్కతీర్గనే ఉన్నది" అన్నాడు. "మాది జగిత్యాల దిక్కు. దుబాయికొచ్చి శానా ఏండ్లాయె."

"ఇది బహ్రెయిన్ కదా బాబూ?" అన్నాను కంగారుగా. తప్పు విమానం ఎక్కానేమోనని నా భయం.

"మాకు అన్నీ దుబాయే పెద్దమ్మా. మా ఊర్ల సౌదీకి పోయినోన్ని గూడ దుబాయి పోయిండనే అంటరు. నువ్వు ఫికర్ జెయ్యకు."

రిఫాలో ఇళ్లన్నీ ఇసుక రంగులో ఉంటాయి. అరుగులుండవు. వీధిలో కూర్చుని కూర తరుక్కునే మనిషి ఒక్కరు కనబడరు. పక్క సందుకి వెళ్లాలన్నా కారే. తలుపు తీసింది సత్తే. చేతులకి పిండి. నన్ను ముట్టుకోకుండా మోచేతులతోనే కావలించుకుని, లోపలికి తిరిగి "మామా, మామా" అని కేకేసింది.

మామ ఎవరా అని నేను కొంగు సర్దుకున్నాను. చూస్తే కుర్చీలో ఒక సన్నటి ముసలావిడ, తెల్లటి జుట్టు, నల్లటి స్వెట్టరు, చేతికింద నడిపించే ఇనప స్టాండు.

"ఆడమనిషిని పట్టుకుని మామా ఏంటే?" అన్నాను చిన్నగా.

"ఇక్కడ అమ్మగార్ని అలాగే పిలుస్తారక్కా."

నాకు నోరు తిరగలేదు. ఒక ఒత్తూ, ఒక గారూ చేర్చి మామ్మగారూ అన్నాను. ఆవిడ బానే పలికింది. నన్ను పైనించి కిందికి చూసి ఏదో అంది.

"నాకన్నా నువ్వే బలంగా ఉన్నావంటోంది" అంది సత్తి. "నీకు బరువులెత్తడం వచ్చా అని అడుగుతోంది."

"నేను పని చెయ్యడానికి రాలేదని చెప్పు."

"చెప్పన్లే. టీ తాగు."

మామ్మగారు సత్తిని "సిత్తీ" అని పిలుస్తుంది. పలకడం రాదేమో అనుకున్నాను. రాజన్న నవ్వి, "వచ్చు పెద్దమ్మా. సిత్తీ అంటె వాండ్ల బాషల అమ్మమ్మ అన్నట్టు. పరాష్కానికి గట్ల పిలుస్తది" అన్నాడు. మనవరాలు పుట్టకముందు నుంచీ సత్తిని అక్కడ అమ్మమ్మా అనే పిలుస్తున్నారన్న మాట.

నేను వెళ్లేసరికి మన కార్తీకం అయిపోయి వారం. వాళ్లకి అప్పుడే ఉపవాసాలు మొదలు. వాళ్ల క్రిస్మస్ మనకి తెలిసినదానికన్నా వెనగ్గా, జనవరిలో వస్తుందట. అందాకా మాంసం లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. మొదటి పూటే ఆకుపచ్చటి పులుసు పెట్టారు, మన బచ్చలిలా జిగురుగా సాగుతుంది, వెల్లుల్లి తాలింపు ఘుమఘుమ. ఇంకోపూట అన్నం, పప్పు, సేమ్యా అన్నీ ఒకే గిన్నెలో కలిపి పైన టమాటా పులుసు పోసి, వేయించిన ఉల్లిపాయలు చల్లారు. అన్నంలో సేమ్యా ఏమిటని ముందు మొహం చిట్లించాను. తర్వాత రెండోసారి నేనే పెట్టించుకున్నాను.

రొట్టెల కొట్టు

పొద్దున్నే సత్తితో సందు చివర రొట్టెల కొట్టుకి వెళ్లడం నాకు అలవాటైంది. గోడలో నిప్పుల గొయ్యి, దానిలోకి పిండిని చెంపదెబ్బ కొట్టినట్టు అంటించి, ఇనప ఊచతో పీకి బయటికి విసురుతారు. వంద ఫిల్సిస్తే రెండు మూడొస్తాయి. ఫిల్సంటే వాళ్ల పైసలు. వెయ్యి ఫిల్సు ఒక దినారు, మన లెక్కలో రెండు వందల పైన. మొదటిరోజు నేను మన అలవాటు కొద్దీ కొంగు పట్టాను. రొట్టె కొంగులో పడగానే పొట్ట చురుక్కుమని గెంతాను. బారులో నా వెనక నల్ల బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ నవ్వకుండా తన చేతిలో కాగితం చింపి సగం నాకిచ్చింది. ఏ దేశమైనా వేడి రొట్టెకి ఆడవాళ్ల సాయం ఒకటే.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను. "నువ్వే ఎందుకు అడగవే? నోరు లేదా?"

"అడిగితే ఏడుస్తది అక్కా. ఆవిడ ఏడిస్తే నాకూ ఏడుపొస్తది. ఇద్దరం కాసేపు ఏడ్చుకుని టీ పెట్టుకుని తాగుతాం. అంతే, ఆ మాట అక్కడ ఆగిపోద్ది."

"పోనీ కొడుకుతో చెప్పించు."

"కొడుకు చెప్తే మాట్లాడదు. గోడవైపు తిరిగి పడుకుంటది." కాస్త దూరం నడిచాక అంది, "ఆవిడకీ తెలుసక్కా. తెలిసి ఏడుస్తది. అదే నాకు కష్టం."

సీఫ్

ఊరంతా పొగుడుతారు కదా అని సత్తి నన్ను సీఫ్ అనే చోట మాలుకి తీసుకెళ్లింది. కదిలే మెట్ల దగ్గర నేను ఆగిపోయాను. చీర కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుంటే కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి లేదు, కమ్మీ పట్టుకుంటే కుచ్చిళ్లు కిందకి. నా వెనక జనం ఆగిపోయారు. నేల తుడుస్తున్న ఒకావిడ బకెట్టు వదిలేసి వచ్చి, "రండమ్మా, కళ్లు మూసుకుని కాలెయ్యండి" అంది తెలుగులో. మాది నరసాపురం దగ్గరంటే తనది రాజోలు అంది. మెట్లు పైకి వెళ్లేలోగా మా ఇద్దరికీ చుట్టరికం కలిసిపోయింది.

"మీ చెల్లెలి సంగతి మాకు తెలుసండి" అంది. "ఆ ముసలావిడ ప్రాణం ఉన్నన్నాళ్లూ ఒదల్దండి. అలాంటి ఇల్లు దొరకడమూ అదృష్టమేననుకోండి. కానీ ఆ బొమ్మల కొట్టు ముందు మీ చెల్లెలు నిలబడితే మేం అటు చూడమండి."

బొమ్మల కొట్టు పక్కనే పిల్లల బట్టల కొట్టు. సత్తి ఒక గౌను తీసింది. పసుపు రంగు, అంచుకి తెల్ల పువ్వులు. చేతిమీద పరిచి చూస్తే మూడేళ్ల పిల్లకి పడుతుంది.

"పిల్లకి ఏడాదైనా నిండలేదు కదే."

"ఎప్పుడెళ్తానో తెలీదు కదా. పెద్ద సైజు తీసుకుంటే ఎప్పుడో ఒకప్పటికి పనికొస్తది."

ఇంటికొచ్చాక మంచం కింద నుంచి పెట్టె లాగి ఆ గౌను అందులో పెట్టింది. అప్పుడు చూశాను. పెట్టె నిండా గౌన్లే. అడుగున నా అరచెయ్యంత, దానిమీద ఇంకొంచెం పెద్దది, ఇంకొంచెం పెద్దది. ఒక్కదానికీ చీటీ తియ్యలేదు. వెళ్తాననుకున్నప్పుడల్లా ఒకటి కొంది. వెళ్లేలోగా పిల్ల దాన్ని దాటిపోయింది.

సఖీర్

శుక్రవారం వాళ్లకి సెలవు. చలికాలం వస్తే అక్కడ జనమంతా సఖీర్ ఎడారికి వెళ్లి గుడారాలు వేసుకుంటారు. మనం కార్తీకమాసంలో తోటల్లోకి వెళ్లినట్టే, చెట్లుండవు, అంతే. మామ్మగారిని కూడా కుర్చీతో సహా కారెక్కించారు. దూరంగా పందెం కార్లు తిప్పే చోటుందట, అక్కణ్నుంచి చెవిలో దోమ దూరినట్టు ఒకటే రొద. రాజన్న పొయ్యి వెలిగించి టీ పెట్టాడు. కొడుకూ కోడలూ ఇసుకలో నడకకి వెళ్లారు.

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. "మీ ఊరి కథ ఒకటి చెప్పండి మామ్మగారూ" అన్నాను. సత్తి అరబ్బీలో అడిగింది. ఆవిడ మొహం విప్పారింది. ఆవిడ చెప్తుంటే ఒక పక్క సత్తి, ఒక పక్క రాజన్న, ఇద్దరూ నా చెవుల్లో తెలుగు పోశారు.

ఆవిడ పుట్టింటి కిటికీలోంచి సముద్రం కనిపించేదట. అక్కడ ఒకప్పుడు దీవి, దానిమీద మన అంతర్వేదిలో ఉన్నట్టు దీపస్తంభం, కాకపోతే ఆకాశమంత. రెండు వేల ఏళ్లకన్నా ముందటి మాట. ఆ ఊరిని గ్రీకు రాజులేలేవారు. యూదులు తమ దేశం వదిలి పొట్టకూటికి వచ్చి అక్కడే ఉండిపోయారు. పెద్దవాళ్లకి సొంత భాష వచ్చు, పిల్లలకి గ్రీకే వచ్చు. వాళ్ల దేవుడి పుస్తకం చూస్తే యూదుల భాషలో ఉంది. పిల్లలు చదవలేరు.

"గీడ పుట్టిన మనోళ్ల పిల్లలోలె" అన్నాడు రాజన్న. "అమ్మ తెలుగుల తిడితె ఇంగ్లీషుల ఎందుకు తిడ్తున్నవని అడుగుతరు."

రాజుకేమో లోకంలో ఉన్న పుస్తకాలన్నీ తన దగ్గరుండాలని కోరిక. యూదుల పుస్తకం కూడా గ్రీకులోకి మార్పించాలనుకున్నాడు. యెరూషలేము నుంచి పండితుల్ని పిలిపించాడు. యూదులు పన్నెండు తెగలు, తెగకి ఆరుగురు, మొత్తం డెబ్భై రెండు మంది పెద్దలు. వాళ్లని ఆ దీవి మీద ఉంచి, ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో పెట్టారట.

"ఒకని సూసి ఒకడు రాయకుంట దర్వాజలు ఏసిండంట" అన్నాడు రాజన్న.

పని అయ్యాక తలుపులు తీసి చూస్తే డెబ్భై రెండూ అక్షరం తేడా లేకుండా ఒక్కలాగే ఉన్నాయట. మామ్మగారు గాలిలోనే తలుపులు ఒక్కొక్కటీ తీసి చూపించింది. నడక నుంచి తిరిగొచ్చిన కొడుకు నవ్వి, గదులూ తలుపులూ తర్వాత ఎవరో చేర్చినవి, అందరూ కలిసి కూర్చుని మాట మాటా తర్కించుకుని రాశారని చదువుకున్నవాళ్లంటారు అన్నాడట. మామ్మగారు ఆయన్ని చేత్తో పొమ్మంది. నాకు రెండూ నచ్చాయి. డెబ్భై రెండు మంది ఒకచోట కూర్చుని కొట్టుకోకుండా ఒక మాట మీదకి రావడం మాత్రం తక్కువ వింతా?

అప్పుడు మామ్మగారు గొంతు తగ్గించింది. ఆ పెద్దల్లో ఒకాయన రాస్తూ రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాడట. ఒక పిల్ల గర్భం ధరించి కొడుకును కంటుంది అని ఉంది అక్కడ.

"కన్నెపిల్ల" అంది సత్తి.

"పడుసు పిల్ల" అన్నాడు రాజన్న.

"రెండూ ఒకటేగా?" అన్నాను.

"ఒకటెలాగవుద్దక్కా? పడుచుపిల్లకి పెళ్లయినా అవ్వచ్చు. కన్నెపిల్లంటే కానట్టే."

"మా దిక్కు ఏదన్నా ఒకటే. నువ్వు అండ్ల ఇండ్ల తీసుడు బందువెట్టు సత్తక్కా."

"నీకు సగం అరబ్బీ వచ్చు, సగం తెలుగు వచ్చు. మాట్లాడకు రాజన్నా."

డెబ్భై రెండు మందికి ఒకటే మాట వచ్చిందట, ఇక్కడ ఇద్దరికి రెండు మాటలు. మామ్మగారు వీళ్ల గొడవేమిటని అడిగి, తెలుసుకుని, పొలమారేదాకా నవ్వింది. ఆ పెద్దాయనకొచ్చిన తంటా కూడా సరిగ్గా అదేనట. పెళ్లి కాని పిల్లకి బిడ్డంటే చదివినవాళ్లు నవ్వుతారని, పడుచుపిల్ల అని రాసి ఊరుకుందామనుకున్నాడట. దేవదూత వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు రాయి, ఈ మాట నిజమవడం నీ కళ్లతో చూసేదాకా నీకు చావు రాదు అన్నాడు.

ఇక చూసుకోండి. తోటివాళ్లు పోయారు, వాళ్ల పిల్లలు పోయారు, రాజులు మారారు. ఆయన మాత్రం యెరూషలేము గుడిలో, వందల ఏళ్లు, వచ్చిన ప్రతి చంటిబిడ్డ మొహం చూస్తూ కూర్చున్నాడు. ఆఖరికి ఒక పేదతల్లి వచ్చి బిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది.

"ఆయన పేరు?" అన్నాను.

"సమాన్" అంది మామ్మగారు.

సత్తి చేతిలో గ్లాసు ఒలికింది. "సామానా? అది మనిషా?"

రాజన్న తెల్లబోయాడు. "నువ్వేమనుకున్నవ్?"

"రోజూ పడుకోబోయే ముందు మామ ప్రార్థన చేసుకుంటది కదా. సమాన్ అంటది, సలాం అంటది, ఖలాస్ అంటది. సామాను సర్దేశాను, సలాం, ఇక అయిపోయింది అని చెప్పుకుంటోంది అనుకున్నాను. ఊరెళ్లిపోవాలని ఉందేమో పాపం అని."

రాజన్న నవ్వాపుకుని మామ్మగారికి చెప్పాడు. ఆవిడ ఈసారి నవ్వలేదు. సత్తి వంక తిరిగి, "తొమ్మిదేళ్లు అలాగే అనుకున్నావా?" అంది.

"ఆయ్ మామా" అంది సత్తి. తర్వాత తెలుగులో, తనలో తను, "నాకూ ఉంటది కదా" అంది. ఆ ముక్క రాజన్న అరబ్బీలో చెప్పలేదు.

"ఇంతకీ ఆ పెద్దాయన బిడ్డను ఎత్తుకుని ఏమన్నాడు?" అని అడిగాను. మామ్మగారు చెప్పింది, రాజన్న తెలుగు చేశాడు.

"సామీ, ఇగ నీ నౌకర్ని నిమ్మలంగ ఇడిసిపెట్టు. నీ ఖలాస్ నా కండ్లు సూసినయి, అన్నడంట. గీడ ఖలాస్ అంటె అయిపోయిందని గాదు పెద్దమ్మా. రచ్చన. ఇడుదల."

నేను రాజన్న వైపు తిరిగాను. "రాజన్నా, ఈవిడతో ఒక మాట చెప్పు. నీ నౌకర్ని వదిలిపెట్టమని రోజూ దేవుణ్ని అడుగుతున్నారు కదా, మీ నౌకరు సంగతేమిటని అడుగు."

సత్తి నా తొడ మీద గిచ్చింది. రాజన్న టీ గిన్నెలో ఏదో పడ్డట్టు దానిలోకి చూశాడు.

"గిది నాతోని గాదు పెద్దమ్మా. మార్సి చెప్తె అబద్దమైతది. ఉన్నదున్నట్టు చెప్తె నౌకరి పోతది."

పడుకునే ముందు

ఆవిడ పెందలాడే పడుకుంటుంది. ఆ రోజు ఎడారి నుంచి వచ్చి దీపాలు పెట్టిన కాసేపటికే సత్తి ఆవిడ కాళ్లకి నూనె రాసి దుప్పటి కప్పింది. వాళ్ల మంచాలు రెండూ ఒకే గదిలో. ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఎప్పుడొస్తుందా అని విన్నాను. వచ్చింది, సమాన్.

నేను లోపలికి వెళ్లి సత్తి మంచం కింద నుంచి పెట్టె లాగాను.

"అక్కా, ఏం చేస్తున్నావ్? మూసెయ్ అది."

మూయలేదు. గౌన్లు ఒక్కొక్కటీ తీసి మామ్మగారి దుప్పటి మీద పరిచాను. చిన్నదాని పక్కన కొంచెం పెద్దది, దాని పక్కన ఇంకోటి, చివర పసుపుది. సత్తి ఫోన్లో పిల్ల బొమ్మ తెరిచి ఆవిడ మొహం ముందు పెట్టాను. నాకు అరబ్బీ రాదు. వచ్చిన మాట ఒకటే ఉంది.

"సత్తి సమాన్" అన్నాను. సత్తిని చూపించాను, పిల్లను చూపించాను. "సత్తి. సమాన్."

ఆ క్షణాన నేనన్నది ఆ పెద్దాయన పేరో, పెట్టెలో సామానో నాకే తెలియదు. ఏదైనా సరిపోతుంది.

మామ్మగారు ప్రార్థన ఆపింది. అన్నిటికన్నా చిన్న గౌను అరచేతిలోకి తీసుకుంది. దాని చీటీని వేలితో తిప్పింది. సత్తిని ఏదో అడిగింది. సత్తి తల వంచుకుని ఒక్క మాటలో జవాబు చెప్పింది.

"ఏమడిగింది?"

"వీటిలో ఇప్పుడు పిల్లకి ఏది సరిపోద్ది అంది."

"నువ్వేమన్నావు?"

"ఏదీ సరిపోదు అన్నాను."

ఆవిడ గౌను పక్కన పెట్టి గోడవైపు తిరిగింది. ప్రార్థన అక్కడే ఆగిపోయింది. ఆ పూట ఖలాస్ అన్న మాట రాలేదు.

"కొంప ముంచావు కదక్కా" అంది సత్తి, గౌన్లు మడతపెడుతూ.

ఖలాస్

పొద్దున మామ్మగారు టీ ముట్టలేదు. కొడుకును పిలిపించుకుంది. తలుపేసుకుని మాట్లాడుకున్నారు. సత్తి వంటింట్లో అంట్లు తోమినవే తోముతోంది. నేను మూలన కూర్చుని, నా నోటి దురద వల్ల దాని పని ఊడితే ఇంట్లోవాళ్లకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

తలుపు తీసుకుని ఆవిడ ఇనప స్టాండు పట్టుకుని తానే నడిచొచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి సత్తిని వేలితో చూపించి, "సిత్తీ ఖలాస్" అంది.

మనవైపు ఖలాస్ అంటే ఏమిటి? లారీ కింద పడ్డవాణ్ని ఖలాస్ అంటాం. సత్తికి ఇంకోలా వినపడింది. అక్కడి పనిచోట్ల ఖలాస్ అంటే పని అయిపోయింది, ఇక పొమ్మని. అది తడిచేతుల్తోనే మొహం కప్పుకుంది. రొట్టెలు తెచ్చిన రాజన్న గుమ్మంలోనే ఆగి, ఆవిడను అడిగి, నెమ్మదిగా చెప్పాడు.

"అక్కా, ఏడ్వకు. నిన్ను ఇడిసిపెట్టిన అంటున్నది. నిన్నటి ఖలాస్. పోయి బిడ్డను సూసుకో అంటున్నది."

సత్తి ఏడుపు ఎక్కువైంది. "నేను పోతే ఈవిడకి ఎవరు? నేను పోను. చెప్పు రాజన్నా, పోనని చెప్పు."

"గిది సుత నేను చెప్ప" అన్నాడు రాజన్న.

మామ్మగారికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. దగ్గరికొచ్చి సత్తి నెత్తి మీద చెయ్యి పెట్టి, గట్టిగా "యల్లా" అంది. పద అని. ఆ తర్వాత ఒక షరతు పెట్టింది. నిన్న తాను సగంలో ఆపిన ఆ ఆఖరి మాట, మనవరాల్ని చేతుల్లోకి తీసుకున్నాక సత్తి అనాలి. తన బదులు. "ఇన్నాళ్లూ ఊరికే సిత్తీ అన్నాను, ఇక నిజంగానే సిత్తీవి" అంది.

బదులు మనిషి శ్రీలంక నుంచి వచ్చింది. టీలో పుదీనా ఎంత వెయ్యాలో, ఏ తుంటి పక్కన చెయ్యి వెయ్యకూడదో సత్తి నేర్పింది. ఎయిర్‌పోర్టుకి బయల్దేరుతుంటే మామ్మగారు కుర్చీలోంచి లేవలేదు, ఏడవలేదు కూడా. గోడవైపు మాత్రం తిరగలేదు. కారు సందు తిరిగేదాకా కిటికీలోనే ఉంది.

పాలకొల్లు

భవాని అత్తగారిల్లు పాలకొల్లులో. మేం కారు దిగేసరికి ఆవిడ, కాంతమ్మగారు, ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. భవాని తల్లిని చూసి ఏడవడం కూడా మర్చిపోయి, ముందు పిల్లను తెచ్చి చేతుల్లో పెట్టింది. కొత్త మొహం కదా, గుక్కపడుతుందనుకున్నాం అందరం. పిల్ల ఏడవలేదు. సత్తి ముక్కుపుడక పట్టుకుని లాగింది.

పెట్టెలో గౌన్లేవీ పట్టలేదు. పసుపుది మాత్రం వేశాం. భుజం మీంచి జారిపోతూ, పాదాల కింద దాకా వచ్చింది. అందులోంచి రెండు కళ్లే కనిపిస్తున్నాయి. సత్తి ఆ మూట పళంగా దాన్ని గుండెకి హత్తుకుని, కళ్లు మూసుకుని, "ఖలాస్" అంది.

కాంతమ్మగారు పళ్లెంతో సహా ముందుకొచ్చారు. "అదేం మాట వదినగారూ. పసిబిడ్డను చంకలో పెట్టుకుని అలాంటి మాట అంటారా ఎవరైనా? ఆ దేశంలో ఇవే నేర్పుతారా?"

సత్తి నా వంక చూసింది. తప్పదు కదా, చాప వేసుకుని కూర్చుని మొదలుపెట్టాను. దీవి, దీపస్తంభం, డెబ్భై రెండు తలుపులు, కన్నెపిల్ల, పడుచుపిల్ల, వందల ఏళ్ల ఎదురుచూపు, అన్నీ చెప్పాను. కాంతమ్మగారు పళ్లెం కింద పెట్టి, పక్కన చేరి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నారు. మాట అర్థమయ్యాక మెత్తబడ్డారు.

"బాగుందండి. బిడ్డను చూశాక మరి ఏమయ్యాడండి ఆ పెద్దాయన?"

ఏమయ్యాడో మామ్మగారు ఎడారిలోనే చెప్పింది. చూసేదాకా చావు లేదన్నారు కదా. చూశాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఒకటే మాట. పిల్ల సత్తి భుజం మీద తల పెట్టి నిద్రకి తూగుతోంది. నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. నా చెయ్యి పట్టుకోవడానికి ఏ దేవదూతా రాలేదు.

"ఇంటికెళ్లిపోయాడండి" అన్నాను.